పట్టేసిన బ్రేకు

సావనీరుకి ఏదైనా సైన్సు వ్యాసం రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగేసరికి మా క్లాసువాళ్ళు కృష్ణబిలాలూ, క్వాంటం కంప్యూటర్లూ ముందే పంచేసుకున్నారు. నాకు మిగిలింది మా ఇంటి జీపు. అందులోనూ దాని బ్రేకు. "అదీ ఒక సబ్జెక్టేనా?" అని మా రూమ్మేటు నవ్వాడు. కృష్ణబిలం వల్ల మా నాయనమ్మకి ఎప్పుడూ ప్రమాదం రాలేదు, నా ఫిజిక్సు వల్ల రాబోయింది అని చెప్పాను. ఆ కథే ఇది. మధ్యలో కొంచెం పాఠం కూడా ఉంటుంది, ఓపిక పట్టాలి.

మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. ఆ జీపు మా తాతయ్య వేలంపాటలో కొన్నది. దాన్ని సిజె-3బి అంటారు. ఇంజను ఎత్తు కనక బానెట్టు కూడా ఎత్తుగా లేచి ఉంటుంది, దూరం నించే గుర్తుపట్టొచ్చు. అమెరికాలో విల్లీస్ వాళ్ళు 1953లో తెచ్చిన నమూనా. అక్కడ 1968లో ఆపేసినా మన దేశంలో మహీంద్రా వాళ్ళు ఆ తరవాత కూడా చాలాకాలం తయారుచేశారు. ఇప్పటి కార్లలో ముందు చక్రాలకి డిస్కు బ్రేకులుంటాయి. మా జీపుకి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. అది రోజూ తిరిగే బండి కాదు. విత్తనాల బస్తాలకీ, పురుగుమందు డబ్బాలకీ, నాయనమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికీ బయటికొస్తుంది. పోయిన వానాకాలం నాట్ల దగ్గర్నించీ కొట్టంలోనే కదలకుండా నిలబడి ఉంది.

దసరా సెలవులకి నేను వెళ్ళాక బయటికి తీశాం. రెండు కిలోమీటర్లు పోయేసరికి స్టీరింగు ఎడమకి లాగడం మొదలుపెట్టింది. నాలుగో కిలోమీటరు దగ్గర వాసన. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టలేకపోయాం. నాన్న సీసాలో నీళ్ళు నాలుగు చుక్కలు చిలకరిస్తే చుయ్‌మన్నాయి. (చిలకరించడం వరకే. కాలిన డ్రమ్ము మీద నీళ్ళు గుమ్మరించకూడదు. పోత ఇనుము, పగులుతుంది.)

అంత వేడి ఎక్కడిది? లెక్క చాలా చిన్నది. అంటుకున్న బ్రేకు చక్రం అంచు దగ్గర 150 న్యూటన్ల బలంతో అడ్డుపడుతోందనుకుందాం, అంటే సుమారు 15 కిలోల బరువంత. బండి గంటకి 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకి 10 మీటర్ల చొప్పున పోతోంది. రెంటినీ గుణిస్తే 1500 వాట్లు. మన హాస్టల్లో వార్డెను గారికి కనపడకుండా బకెట్లో పెట్టే హీటరు రాడ్డు దాదాపు అంతే. ఆ రాడ్డుని నీళ్ళు లేకుండా ఒక ఇనప గిన్నెలో పెట్టి పావుగంట వదిలేస్తే ఎలా ఉంటుందో, డ్రమ్ములో అలా ఉందన్నమాట.

ఇంతకీ డ్రమ్ములో ఏముంటుంది? చక్రంతోపాటు తిరిగే ఇనప డ్రమ్ము. దాని లోపల, తిరగని ప్లేటుకి బిగించిన రెండు అర్ధచంద్రాకారపు షూలు. వాటి వీపున ఘర్షణ కోసం లైనింగు. షూల కింది కొసలు రెండు పిన్నుల మీద ఊగుతాయి. పై కొసల మధ్య వీలు సిలిండరు, దాంట్లో అటొకటి ఇటొకటి పిస్టన్లు. కాలితో పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలు వచ్చి పిస్టన్లని చెరోవైపుకీ తోస్తుంది, షూలు విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి. కాలు తీస్తే ఒక స్ప్రింగు వాటిని వెనక్కి లాగుతుంది. వెనక్కి ఎంతవరకు రావాలో చెప్పేది అడ్జస్టు బోల్టు. ప్లేటు వెనకాల దాని తల మాత్రం కనిపిస్తుంది, లోపల ఒక వంకర బిళ్ళ. బోల్టు తిప్పితే ఆ బిళ్ళ తిరిగి షూని డ్రమ్ముకి దగ్గరగానో దూరంగానో నిలబెడుతుంది. ఒక్కో షూకి ఒక్కోటి. ఉండవలసిన సందు మిల్లీమీటరులో ఐదో వంతుకి అటూ ఇటూ, అంటే ఒక పోస్టుకార్డు మందం.

ఇదంతా నాకు ఆ రోజే తెలుసు. తెలియడంలోనే వచ్చింది చిక్కు.

చక్రం బిగిసిందంటే షూ డ్రమ్ముకి మరీ దగ్గరగా ఉందన్నమాట, కాబట్టి అడ్జస్టు బోల్టు వదులు చెయ్యాలి. ఇంత స్పష్టమైన తర్కం నాకు పరీక్షలో కూడా ఎప్పుడూ తట్టలేదు. జాకీ ఎత్తి, మిగిలిన చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టి, స్పానరుతో రెండు బోల్టులూ వెనక్కి తిప్పాను. చక్రం కదల్లేదు. ఇంకా తిప్పాను. కదల్లేదు. చివరిదాకా తిప్పేసి, చక్రాన్ని రెండు చేతుల్తో అటూ ఇటూ ఊపి, కర్రసుత్తితో డ్రమ్ము చుట్టూ కొడితే టక్కున వదిలింది. బొంగరంలా తిరిగింది. నేను కూడా దాదాపు అలాగే తిరిగాను. ఆ ఊపులో, నాలుగూ సమానంగా ఉండాలి కదా అని, మిగిలిన మూడు చక్రాల బోల్టులు కూడా అంతే వదులు చేశాను.

మూడో రోజున నాయనమ్మని తీసుకుని టౌనుకి బయల్దేరాం. నాన్న నడుపుతున్నాడు, పక్కన నాయనమ్మ, వెనకాల నేను. ఊరి చివర మలుపులో నాన్న అడిగాడు: "ఏరా, పెడల్ లోతుకి పోతోందేం?"

"అడ్జస్టు చేశా కదా నాన్నా, నాలుగు బ్రేకులు పడితే కుదురుకుంటుంది" అన్నాను. ఎక్కణ్ణించి వచ్చిందో ఆ మాట నాకిప్పటికీ తెలీదు. ఏ పుస్తకంలోనూ లేదు.

కాలువ వంతెన ఎక్కి దిగుతుంటే కింద గేదెలు అడ్డంగా వస్తున్నాయి. నాన్న బ్రేకు తొక్కాడు. పెడల్ చెక్కకి తగిలిన చప్పుడు వెనకాల కూర్చున్న నాకు వినపడింది. గబగబా రెండు మూడుసార్లు తొక్కుతూనే గేరు కిందకి మార్చి, హ్యాండు బ్రేకు లాగాడు. జీపు ఒళ్ళంతా విదిలించుకుని చివరి గేదెకి జానెడు దూరంలో ఆగింది. నాయనమ్మ నుదురు ముందు రాడ్డుకి కొట్టుకుంది. రక్తం రాలేదు కానీ బొప్పి కట్టింది.

మమ్మల్ని కాపాడింది నేను ముట్టుకోని భాగం. ఈ జీపులో హ్యాండు బ్రేకు చక్రాల మీద పనిచెయ్యదు. గేరుబాక్సు వెనకాల, షాఫ్టు మొదట్లో, దానికి వేరే చిన్న డ్రమ్ము ఉంటుంది. తీగ లాగితే అది పట్టుకుంటుంది. బ్రేకు ఆయిలుతో దానికి సంబంధం లేదు.

నాన్న నన్నేమీ అనలేదు. ఇంటికొచ్చాక "ఏమేం విప్పావో కాగితం మీద రాయి" అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండేది.

రాద్దామని కూర్చుంటేనే లెక్క తేలింది. పాస్కల్ సూత్రం మనకి ఇంటర్లోనే చెప్పారు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అంతటా సమానంగా వ్యాపిస్తుంది. ఆయన ఆ విషయం రాసిన గ్రంథం 1663లో, ఆయన పోయిన మరుసటి ఏడు, అచ్చయింది. మా మాస్టరు సిలిండరు వ్యాసం అంగుళం, అంటే వైశాల్యం సుమారు 5 చదరపు సెంటీమీటర్లు. కాలు 20 కిలోల బరువుతో తొక్కితే పెడల్ మీట దాన్ని ఐదు రెట్లు చేస్తుందనుకుందాం. 100 కిలోలు. చదరపు సెంటీమీటరుకి 20 కిలోల పీడనం. ముందు చక్రాల పిస్టన్లూ అంగుళానివే కనక ఒక్కో షూ మీద 100 కిలోలు. వెనక పిస్టన్లు ముప్పావు అంగుళం, కాబట్టి 56 కిలోలు. మొత్తం ఎనిమిది షూలు. పాదం వేసిన బరువు ఇన్ని రెట్లవుతుందా అని క్లాసులో మనం ముచ్చటపడే భాగం ఇదే.

కానీ అదే పాఠంలో రెండో సగం ఉంది. బలం పెరిగిందంటే కదలిక తగ్గాలి, ఊరికే ఏదీ రాదు. నేను చేసిన వదులుకి ఒక్కో పిస్టను అదనంగా 3 మిల్లీమీటర్లు నడిస్తే తప్ప షూ డ్రమ్ముని తాకదు. ముందు నాలుగు పిస్టన్లకి 6 ఘనపు సెంటీమీటర్ల ఆయిలు, వెనక నాలుగింటికి సుమారు 3.4. మొత్తం 9.5. అంత ఆయిలు పంపడానికి మాస్టరు పిస్టను 1.9 సెంటీమీటర్లు కదలాలి. పెడల్ దానికి ఐదు రెట్లు, తొమ్మిదిన్నర సెంటీమీటర్లు దిగాలి. పెడల్‌కి మొదట్లో ఊరికే ఆడే అరంగుళం కలిపితే 10.7. మా జీపులో పెడల్ నించి చెక్కకి కొలిస్తే నాలుగున్నర అంగుళాలు, అంటే 11.4 సెంటీమీటర్లు. నిజంగా బ్రేకు పట్టడానికి నేను మా నాన్నకి మిగిల్చింది ఏడు మిల్లీమీటర్లు.

ఆ కాగితం పట్టుకునే టౌనులో మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన, కంటికి దారం కట్టిన కళ్ళజోడు. కాగితం వంక చూడలేదు. నేను చెప్పింది మాత్రం మొత్తం విన్నాడు. విని, "బోల్టు తిప్పినప్పుడు చక్రం ఏమైనా తేలికైందా బాబూ?" అని ఒక్క ప్రశ్న అడిగాడు.

లేదన్నాను.

"మరి రోగం బోల్టులో లేదని అది అప్పుడే చెప్పింది కదా!"

ల్యాబులో రీడింగు మారకపోతే ప్రయోగం తప్పిందని కొట్టేసి ఇంకో రీడింగు తీసుకోవడం మనలో చాలామందికి అలవాటే. మారకపోవడం కూడా ఒక రీడింగేనని నాకు చెప్పింది స్కూలు మధ్యలో మానేసిన ఆ మనిషి.

ఆయన మొదట చేసిన పని నాకు వింతగా తోచింది. మిగిలిన మూడు చక్రాలూ సరిచేసి, నన్ను పెడల్ గట్టిగా తొక్కి వదలమన్నాడు. ఎడమ చక్రం మళ్ళీ పట్టేసింది. "వచ్చింది. దాక్కున్న రోగాన్ని ఎలా చూస్తాం?" అన్నాడు. చక్రాన్ని ముందుకి తిప్పబోతే ససేమిరా అంది. వెనక్కి తిప్పితే కొంచెం కదిలింది. "ముందు షూ" అని తేల్చేశాడు, ఇంకా డ్రమ్ము విప్పకుండానే.

దీని వెనకున్న ఫిజిక్సు చెప్పుకోదగ్గది. బోర్డు మీద సుద్దముక్కని లాగుతూ రాస్తే హాయిగా నడుస్తుంది. అదే వాలుగా పట్టి ముందుకి తోస్తే కీచుమని గుచ్చుకుంటుంది. బండి ముందుకి పోతున్నప్పుడు ముందు షూ తోసే సుద్దముక్క లాంటిది. డ్రమ్ము దాని పై కొస నించి పిన్ను వైపుకి రాసుకుంటూ పోతుంది కాబట్టి ఘర్షణ బలానికి పిన్ను చుట్టూ ఉన్న భ్రామకం షూని ఇంకా బయటికే నొక్కుతుంది. పట్టిన కొద్దీ పడుతుంది. వెనక షూకి అదే ఘర్షణ వ్యతిరేకంగా పనిచేసి లోపలికి నెడుతుంది. బండి వెనక్కి నడిస్తే ఇద్దరి పాత్రలూ తారుమారు. అందుకే దారిలో పట్టేసిన బండిని మేస్త్రులు ముందు నాలుగడుగులు వెనక్కి నడిపి చూస్తారు.

తరవాత ప్లేటు వెనక ఉండే గాలి తీసే స్క్రూ కొంచెం వదులు చేశాడు. రెండు చుక్కల ఆయిలు కారింది, చక్రం మాత్రం వదల్లేదు. ఆయిలు ఎగజిమ్మి, చక్రం వెంటనే వదిలి ఉంటే లోపల పీడనం చిక్కుకుపోయిందని అర్థం. అప్పుడు వెతకవలసిన చోట్లు వేరు. రబ్బరు హోసు పైపు లోపల వాచి, కాలి ఒత్తిడితో ఆయిలుని పోనిచ్చి స్ప్రింగు బలానికి తిరిగి రానివ్వకపోవచ్చు. హోసుకి అవతల, మాస్టరు సిలిండరు వైపు జాయింటు వదిలినా చక్రం వదలక, చక్రం దగ్గరి స్క్రూ వదిలితే వదిలిందంటే దొంగ ఆ హోసే.

ఒక్క చక్రం కాక నాలుగూ వేడెక్కితే మాస్టరు సిలిండరు దగ్గరికి వెళ్ళాలి. దాంట్లో సూదిమొనంత రంధ్రం ఒకటుంటుంది. పెడల్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు అది తెరుచుకుని, వేడికి వ్యాకోచించిన ఆయిలుని డబ్బాలోకి పోనిస్తుంది. నేను పైన చెప్పిన అరంగుళం ఆట అందుకే. పెడల్ మరీ పైకి రావాలని ఎవరైనా ఆ ఆట తీసేస్తే పిస్టను రంధ్రాన్ని మూసే ఉంచుతుంది. బండి నడిచిన కొద్దీ ఆయిలు వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ బ్రేకు తనంతట తానే పడుతుంది. బ్రేకు ఆయిలు దొరకలేదని ఇంజనాయిలు పోసినా చివరికి ఇదే గతి. రబ్బరు కప్పులు ఉబ్బి ఆ రంధ్రాన్ని మూసేస్తాయి. మా ఊళ్ళో ఒకాయన ట్రాక్టరుకి అలా పోసి రబ్బర్లన్నీ మార్చుకున్నాడు.

మా జీపులో ఇవేవీ కాదు. హబ్బు విప్పి డ్రమ్ము తీశాం. విప్పేముందు మాత్రం అడ్జస్టు బోల్టులు పూర్తిగా వదులు చెయ్యాలి, లేకపోతే అరిగిన డ్రమ్ము అంచు షూలని పట్టుకుంటుంది. నేను ఆ రోజు చేసిన పనికి సరైన స్థానం ఇదొక్కటే! లోపల ఉన్న దుమ్ముని ఉఫ్‌మని ఊదబోతే మేస్త్రి కసిరాడు. పాతకాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. తడిగుడ్డతో తుడిచాం.

వీలు సిలిండరు ముందువైపు పిస్టను ఎర్రగా తుప్పుపట్టి ఉంది. కాలి బలానికి బయటికొస్తోంది, స్ప్రింగు బలానికి తిరిగి రావడంలేదు. నా కర్రసుత్తి దెబ్బలకి అది వెనక్కి దూరింది, నేనేమో బోల్టు మహిమ అనుకున్నాను. నూనెలో నానేదానికి తుప్పెలా వచ్చిందంటే, బ్రేకు ఆయిలు నిజానికి నూనె కాదు. గ్లైకాల్ జాతి రసాయనం, గాలిలోని తేమని తాగేస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. వానాకాలమంతా కదలకుండా ఉన్న బండిలో ఆ నీరే పిస్టనుని తినేసింది. పైగా హీటరు రాడ్డులా కాలుతున్న డ్రమ్ము పక్కన తేమ పట్టిన ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అప్పుడు అడ్జస్టుమెంటు ఎంత బాగున్నా పెడల్ చెక్కకే.

సిలిండరు లోపల గుంటలు పడ్డాయి కనక కొత్తది వేశాం. కిరసనాయిలుతో కడుగుతానని సీసా తీశాను. మేస్త్రి నా చెయ్యి పట్టుకున్నాడు. రబ్బరు ఉన్నచోట కిరసనాయిలు, పెట్రోలు, గ్రీజు ఏవీ తగలకూడదట. బ్రేకు ఆయిలుతోనే తడపాలి. అదీ పెయింటు మీద పడితే ఊడగొడుతుంది. మా బానెట్టు మీద ఒక మచ్చ నా జ్ఞాపకార్థం ఉంది.

ఇక అడ్జస్టుమెంటు. ఆయన నాచేతే చేయించాడు. జాకీ మీద చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక షూ బోల్టుని చక్రం ఆగిపోయేదాకా బిగించాలి. తరవాత చక్రం స్వేచ్ఛగా తిరిగేంతవరకే వెనక్కి వదలాలి, ఒక్క పిసరు కూడా ఎక్కువ వద్దు. అప్పుడు రెండో షూ. రెండూ అయ్యాక పెడల్ గట్టిగా ఒకసారి తొక్కి మళ్ళీ తిప్పి చూడాలి. చాలాసార్లు అప్పుడు కొంచెం మారుతుంది. కింది పిన్నులు కొత్త లైనింగు వేసినప్పుడు తప్ప కదిలించకూడదు. నాలుగు చక్రాలూ అయ్యాక మాస్టరు సిలిండరుకి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి వరసగా గాలి తీశాం, పాత ఆయిలు నల్లగా, టీ డికాషన్‌లా పోయి కొత్తది తేటగా వచ్చేదాకా. పెడల్ అంగుళమున్నర దిగి, రాయిలా ఆగింది.

కూలి ఇస్తుంటే మేస్త్రి అప్పుడు అడిగాడు ఆ కాగితం. కళ్ళజోడు సర్దుకుని లెక్కంతా చూశాడు. "ఏడు మిల్లీమీటర్లా! నేను ఎప్పుడూ ఇలా లెక్కెయ్యలేదు, కాలికే తెలిసేది" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరిగొస్తూ కాలువ వంతెన ఇవతల నాన్న బండి ఆపి దిగాడు. నన్ను స్టీరింగు ముందు కూర్చోమని, తను వెళ్ళి వాలు కింద, గేదెలు నిలబడిన చోటే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పోనీ" అని అరిచాడు. రెండో గేరులో దిగుతూ బ్రేకు తొక్కాను. నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టుకున్నాయి, స్టీరింగు ఎటూ లాగలేదు. ఆయనకీ బండికీ మధ్య రెండు బారల దూరం మిగిలింది. వచ్చి పక్క సీట్లో కూర్చుని, ముందు ఎడమ డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూశావా అని అడిగాడు. దిగి చూశాను. గోరువెచ్చగా ఉంది, కుడిదీ అంతే.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు మళ్ళీ నాలుగు చక్రాలూ జాకీ ఎత్తి చూశాను, ఏ బోల్టూ తిప్పలేదు. నాయనమ్మ బొప్పి ఎప్పుడో తగ్గింది. కళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం బస్సులోనే వెళుతోంది.